ఫౌజు, ఫౌజుదారీ: సైనిక స్థావరములలో నేరములు – సైనికుని న్యాయహక్కులు

క్రిమినల్ కేసును మనవారు ఫౌజుదారీ కేసు అంటారు. ఆస్తి తగాదా అయితే దివానీ. కొట్లాట, దొంగతనము, హత్య అయితే ఫౌజుదారీ. కోర్టు మెట్లు ఎన్నడూ ఎక్కని రైతుకు కూడా ఈ రెండు మాటలు తెలుసును. ఫౌజు అనగా సైన్యము. మొగలాయీల కాలమున సేనను వెంట ఉంచుకొని ఒక ప్రాంతములో శాంతిభద్రతలు కాపాడిన అధికారి ఫౌజుదారు. దొరతనములు మారినవి, ఫౌజుదారు పోయినాడు; అతని పేరు మాత్రము నేరవిచారణకు మిగిలిపోయినది. ఉర్దూ, తెలుగు పక్కపక్కన సాగే మన కళాశాలలో ఈ మాటను ఉభయ భాషల విద్యార్థులూ ఒకే అర్థములో పలుకుతారు.

భాషాచరిత్రలో ఇది ఒక చిన్న ముచ్చట. కాని దీని వెనుక ఒక పెద్ద ప్రశ్న ఉన్నది. ఒకప్పుడు ప్రజల నేరములను విచారించినది ఫౌజు. మరి ఫౌజులోనే నేరము జరిగితే విచారించవలసినది ఎవరు? నింద పడిన సిపాయికి ఉండే హక్కులేవి?

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో ఎదురైనది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా వద్ద చదువుకొని సైన్యములో చేరిన ఒక విద్యార్థి సెలవు మీద ఊరికి వచ్చి, మమ్ములను చూచి పోదామని కళాశాలకు వచ్చినాడు. కుశల ప్రశ్నలు అయిన తరువాత కొంతసేపు ఊరకుండి, తన బ్యారక్‌లో ఉండే తోటి సిపాయి మీద దొంగతనపు నింద పడినదని చెప్పినాడు. "సార్, వాడు తీసినాడో లేదో నాకు తెలియదు. కాని వానిని విచారించేది ఎవరు? మాకు వకీలును పెట్టుకొనే వీలుంటుందా? అడిగితే అదొక తప్పవుతుందేమోనని వాడు నోరు మెదపటము లేదు" అన్నాడు. మేము తెలుగు చెప్పుకొనే వారము. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయినాము. "తెలుసుకొని చెబుతాములే, నాయనా" అని పంపినాము. ఆ మాట చెల్లించుకొనుటకే తరువాత ఈ సంగతులు చదివినాము. చదివినది మన విద్యార్థులందరికీ పనికివచ్చునని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

గోడకు అవతల

సికింద్రాబాదును మన పెద్దలు నేటికీ లష్కరు అంటారు. మూడవ నిజాము సికందర్ జా పేరిట 1806లో వెలసిన ఆ ఊరు పుట్టుకతోనే దండు విడిది. తిరుమలగిరి, బొల్లారము దారులలో పోయే వారికి పొడుగాటి గోడలు, కాపలా ద్వారములు కనబడుతవి. ఆ గోడల లోపల ఇండ్లు, బడులు, ఆసుపత్రులు, క్యాంటీన్లు, ఆయుధశాలలు అన్నీ ఉంటవి. వేలమంది మనుషులు ఒకచోట బ్రతికేటప్పుడు మనుషులు చేసే తప్పులన్నీ అక్కడ కూడా జరుగుతవి. పైగా అక్కడ తుపాకి చేతికి అందేంత దూరములో ఉంటుంది. ఆజ్ఞ ఇచ్చే వానికీ అందుకొనే వానికీ నడుమ అంతరము పెద్దది. ఇంటికి దూరమైన ఒంటరితనము ఒకటి తోడు.

అయితే గోడకు అవతల ఉన్నది వేరొక రాజ్యము కాదు. దేశపు నేరచట్టము, అనగా 2024 జులై 1 వరకు భారత శిక్షాస్మృతి, ఆ దినము నుండి భారతీయ న్యాయ సంహిత, గోడకు ఇవతల ఎట్లో అవతల కూడా అట్లే వర్తిస్తుంది. దానికి తోడు సైనికునికి ఇంకొక చట్టము ఉన్నది. అది 1950 నాటి సైనిక చట్టము. ఆంగ్లేయుల 1911 నాటి చట్టము స్థానములో వచ్చిన ఈ చట్టము 1950 జులై 22 నుండి అమలులో ఉన్నది. వాయుసేనకు అదే సంవత్సరము వేరొక చట్టము, నౌకాసేనకు 1957లో మరొక చట్టము చేసినారు. కాబట్టి మనకు ఒక చట్టమైతే సైనికునికి రెండు. రెండింటికీ అతడు జవాబుదారీ.

సైనికుడు పౌరుడు కాకపోడు

రెండు చట్టముల బరువు మోసే వానికి హక్కులు కూడా రెండింతలు ఉండవలె ననిపిస్తుంది. రాజ్యాంగము అట్లు చెప్పలేదు. సాయుధ దళముల వారు తమ విధులను సరిగా నెరవేర్చుటకు, వారిలో క్రమశిక్షణ నిలుచుటకు, ప్రాథమిక హక్కులను వారి విషయములో ఎంతవరకు తగ్గించవలెనో, ఏవి తొలగించవలెనో నిర్ణయించే అధికారము 33వ అధికరణము పార్లమెంటుకు ఇచ్చినది. ఆ బలముతోనే సైనిక చట్టము 21వ సెక్షను వచ్చినది. కార్మిక సంఘములలో చేరుట, సభలలో పాల్గొనుట, పత్రికలకు వ్రాయుట మొదలైన వాటికి ఈ సెక్షను క్రింద హద్దులు పెట్టవచ్చును.

ఇది అన్యాయమా? కాదనే మా అభిప్రాయము. సరిహద్దులో కాపలా ఉన్నవాడు ఆజ్ఞ విన్న తరువాత పాటించవలెనా వద్దా అని ఓట్లు వేయించలేడు. కాని క్రమశిక్షణకు అవసరమైనంత తగ్గించుట వేరు, హక్కులన్నీ పోయినవనుకొనుట వేరు. సైన్యములో చేరినంత మాత్రమున మనిషి పౌరుడు కాకుండా పోడని, రాజ్యాంగము ఇచ్చిన హక్కులన్నీ అతడు కోల్పోడని సుప్రీంకోర్టు 1982లో పృథీపాల్ సింగ్ బేడీ కేసులో స్పష్టము చేసినది. మిగిలిన హక్కులు ఏవో తెలుసుకొనుటే ఇక్కడి పాఠము.

నేరములు రెండు తెగలు

సైనిక చట్టములో నేరములు రెండు తెగలుగా కనబడుతవి. మొదటి తెగ సైనికుడు మాత్రమే చేయగల నేరములు. సెలవు లేకుండ పోవుట, దళమును విడిచి పారిపోవుట, పై అధికారి ఆజ్ఞను ధిక్కరించుట, కాపలాలో నిద్రించుట ఇటువంటివి. మనము ఒక దినము కళాశాల ఎగగొట్టితే హాజరు పోతుంది. సిపాయి సెలవు లేక పోతే 39వ సెక్షను క్రింద నేరమవుతుంది. ఈ చట్టము అధికారులను కూడా విడిచిపెట్టలేదు. క్రిందివానిని కొట్టిన లేక హింసించిన అధికారిని 47వ సెక్షను శిక్షిస్తుంది. ఈ సంగతి చాలమంది సిపాయిలకు తెలియదు.

రెండవ తెగ అందరూ చేయగల నేరములు. హత్య, దొంగతనము, మోసము మొదలైనవి. 69వ సెక్షను ప్రకారము సైనికుడు ఇటువంటి నేరము చేస్తే సైనిక న్యాయస్థానము, అనగా కోర్టు మార్షల్, విచారించవచ్చును. కాని వెనువెంటనే ఉన్న 70వ సెక్షను ఒక గట్టి మినహాయింపు పెట్టినది. సైనిక చట్టమునకు లోబడని మనిషిని సైనికుడు హత్య చేసినను, మానభంగము చేసినను, శిక్షార్హమైన ప్రాణహాని కలిగించినను కోర్టు మార్షల్ విచారించరాదు. యుద్ధ విధులలో ఉన్నప్పుడు, దేశము వెలుపల ఉన్నప్పుడు, కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన సరిహద్దు స్థావరములో ఉన్నప్పుడు మాత్రమే దీనికి సడలింపు.

ఉదాహరణకు, శాంతిగా ఉన్న ఒక నగరపు కంటోన్మెంటులో బట్టలుతికే చాకలినో, క్యాంటీనుకు సరుకు తెచ్చే వ్యాపారినో, తోటి సైనికుని భార్యనో ఒక సైనికుడు చంపినాడనుకొందాము. ఆ ముగ్గురూ సైనిక చట్టమునకు లోబడినవారు కారు. నేరము గోడ లోపలే జరిగినను విచారణ మామూలు సెషన్సు కోర్టులోనే జరుగవలెను. కంచె చేను మేసినప్పుడు తీర్పు కంచెకే అప్పగించరాదన్న బుద్ధి ఈ సెక్షనులో ఉన్నది.

ఏ కోర్టు?

చంపినవాడు, చచ్చినవాడు ఇద్దరూ సైనికులే అయితే? అప్పుడు రెండు కోర్టులకూ అధికారము ఉంటుంది. ఏ కోర్టు ముందుకు పోవలెనో మొదట నిర్ణయించేది 125వ సెక్షను ప్రకారము సైనిక ఉన్నతాధికారి. మెజిస్ట్రేటు దానికి ఒప్పుకొనకపోతే, నిందితుని తనకు అప్పగించవలెనని, లేదా విషయమును కేంద్ర ప్రభుత్వమునకు నివేదించవలెనని 126వ సెక్షను క్రింద వ్రాతమూలకముగా కోరవచ్చును. కేంద్రము చెప్పినదే చివరి మాట.

2023 ఏప్రిల్ 12న పంజాబులోని భటిండా సైనిక స్థావరములో నలుగురు ఫిరంగిదళ సైనికులు తుపాకి గుండ్లకు బలియైనారు. దేశమంతా మొదట ఉగ్రవాదుల పనేమోనని భయపడినది. చివరకు అదే స్థావరములోని ఒక సైనికుని రాష్ట్ర పోలీసులు అరెస్టు చేసినారు. స్థావరములో నేరము జరిగినంత మాత్రమున పోలీసు ఠాణా తలుపు మూసుకోదని ఈ సంఘటనలో దేశము చూచినది.

ఈ రెండు కోర్టుల సంగతి సుప్రీంకోర్టు ముందుకు చాల ముందే వచ్చినది. 1962 జూన్ 13న ఢిల్లీలోని షకూర్‌బస్తీ ఆయుధ డిపోకు చెందిన రామ్ సరూప్ అనే సిపాయి ఇద్దరు సిపాయిలను, ఒక హవల్దారును కాల్చి చంపినాడు. జనరల్ కోర్టు మార్షల్ అతనికి మరణశిక్ష విధించినది. అతడు సుప్రీంకోర్టుకు పోయి రెండు మాటలు చెప్పుకొన్నాడు. కోర్టును ఎంచుకొనే అధికారము సైన్యాధికారికి ఇచ్చుట సమానత్వమునకు విరుద్ధమన్నది ఒకటి. తాను కోరిన వకీలును పెట్టుకోనీయలేదన్నది రెండవది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ రెండింటినీ త్రోసివేసినది. సైనిక చట్టములోని నిబంధనలు హక్కులను తగ్గించినను అవి 33వ అధికరణము క్రింద చేసినవే నని చెప్పినది. ఇక వకీలు మాట వద్ద కోర్టు చెప్పినది ఎంతో గమనించదగినది. విచారణ సమయములో అతడు వకీలు కావలెనని అడిగినట్లు కనబడలేదు. అడగని దానిని నిరాకరించినారనుటకు వీలులేదు అన్నది.

ఈ వాక్యమును విద్యార్థులు మనసులో ఉంచుకొనవలెను. ఇటువంటి దానినే ఇంకొక దిక్కు నుండి మరల చూడబోతున్నాము.

కోర్టు మార్షల్ స్వరూపము

కోర్టు మార్షల్ నాలుగు విధములు. అన్నింటికంటె పెద్దది జనరల్ కోర్టు మార్షల్. అందులో కనీసము అయిదుగురు అధికారులు కూర్చుండవలెను. మరణశిక్ష వరకు విధించగలదు. కాని మరణశిక్షకు మూడింట రెండు వంతుల సభ్యులు ఒప్పుకొనవలెను. చట్టము తెలిసిన జడ్జి అడ్వొకేటు అక్కడ తప్పనిసరిగా ఉండవలెను. రెండవది డిస్ట్రిక్టు కోర్టు మార్షల్. ముగ్గురు అధికారులతో ఏర్పడి రెండు సంవత్సరముల ఖైదు వరకు విధించగలదు. మూడవది యుద్ధ సమయమువంటి అవసరములకు ఏర్పరచే సమరీ జనరల్ కోర్టు మార్షల్.

నాలుగవది సమరీ కోర్టు మార్షల్. మామూలు సిపాయి తలరాత ఎక్కువగా తేలేది ఇక్కడనే. ఇందులో కోర్టు అనగా కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే. మరి ఇద్దరు హాజరు ఉంటారు గాని వారు తీర్పులో భాగస్వాములు కారు. లెఫ్టినెంట్ కర్నలు గాని అంతకు పైవాడు గాని అయితే ఒక సంవత్సరము, అంతకు తక్కువవాడైతే మూడు నెలల ఖైదు వేయగలడు. ఉద్యోగము నుండి తొలగించగలడు. అధికారులను, జూనియర్ కమీషన్డ్ ఆఫీసర్లను ఈ కోర్టు విచారించరాదు. అనగా ఇది చిన్నవారి కోర్టు. రోజూ ఆజ్ఞలిచ్చే దొరయే ఇక్కడ న్యాయమూర్తి. అందుచేతనే సమరీ కోర్టు మార్షల్ వెంటనే చర్య తీసుకొనక తప్పని సందర్భములకే తప్ప రివాజుగా వాడరాదని 2016లో విశ్వప్రియ సింగ్ కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించినది.

విచారణకు ముందు

మనలో ఎవరినైనా పోలీసులు అరెస్టు చేస్తే 24 గంటలలో మెజిస్ట్రేటు ముందు నిలుపవలెనని రాజ్యాంగము చెప్పుతున్నది. సైనికుని విషయములో మెజిస్ట్రేటు స్థానములో కమాండింగ్ ఆఫీసరు ఉంటాడు. నిర్బంధము సంగతి అతనికి తెలిసిన 48 గంటలలో ఆరోపణను విచారించుట అతని విధి అని 102వ సెక్షను అంటున్నది. అంతకు మించి ఉంచవలసి వస్తే కారణమును పై అధికారికి వ్రాయవలెను.

తరువాత 1954 నాటి సైనిక నియమావళి వస్తుంది. 22వ రూలు ప్రకారము ఆరోపణను నిందితుని ఎదుటనే వినవలెను. తనపై సాక్ష్యము చెప్పినవారిని ప్రశ్నించుటకు, తన తరఫు సాక్షులను పిలిపించుకొనుటకు అతనికి పూర్తి స్వేచ్ఛ ఉన్నది. 23వ రూలు క్రింద సాక్ష్యమును వ్రాతలో పెడతారు. తాను ఏమైనా చెప్పదలచుకొంటే చెప్పవచ్చునని, చెప్పి తీరవలెనన్న నిర్బంధము లేదని నిందితుని ముందుగా హెచ్చరించవలెను. తన మీద తానే సాక్ష్యము చెప్పుకొనుమని ఎవరినీ బలవంతపెట్టరాదన్న రాజ్యాంగ సూత్రమే ఇక్కడ కూడా పలుకుతున్నది. 34వ రూలు ప్రకారము ఆరోపణ వివరములు తెలిపిన తరువాత కోర్టు ముందు నిలిపే లోపల కనీసము 96 గంటలు వ్యవధి ఇవ్వవలెను. యుద్ధ విధులలో అది 24 గంటలు. ఒకసారి విచారణ జరిగి తీర్పు వచ్చిన నేరమునకు మరల కోర్టు మార్షల్ జరుపరాదని 121వ సెక్షను చెప్పుతున్నది. దళమును విడిచి పారిపోవుట, తిరుగుబాటు వంటివి తప్ప మిగిలిన నేరములకు మూడు సంవత్సరముల గడువు 122వ సెక్షనులో ఉన్నది.

ఇప్పుడు మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు వద్దాము. వకీలును పెట్టుకొనవచ్చునా? పెట్టుకొనవచ్చును. జనరల్, డిస్ట్రిక్టు కోర్టు మార్షళ్లలో నిందితుని తరఫున డిఫెండింగ్ ఆఫీసరు నిలువవచ్చును. వకీలు కూడా వాదించవచ్చును. సమరీ కోర్టు మార్షల్‌లో సైతము 129వ రూలు క్రింద న్యాయవాదిని గాని మరెవరినైన గాని పక్కన ఉంచుకొనవచ్చును. ఆ సహాయకుడు నిందితునికి సలహా చెప్పవచ్చును, సాక్షులను ఏమి అడగవలెనో అందించవచ్చును. తాను స్వయముగా కోర్టుతో మాట్లాడరాదు. హక్కు చిన్నదే కావచ్చును. అయినను అది ఉన్నది. దానిని అడుగుట తప్పు కాదు.

వకీలు కోర్టు మార్షల్‌లో నిలిచిన సన్నివేశములలో మన దేశము మరువనిది ఎర్రకోటలో జరిగినది. 1945 నవంబరు 5న ఆజాద్ హింద్ ఫౌజుకు చెందిన షా నవాజ్ ఖాన్, ప్రేమ్ సహగల్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్ల మీద విచారణ మొదలైనది. భూలాభాయి దేశాయి వారి తరఫున వాదించినాడు. జవాహర్‌లాల్ నెహ్రూ, ఆసఫ్ అలీ, తేజ్ బహదూర్ సప్రూ వంటివారు ఆయన పక్కన నిలిచినారు. పరాయి ప్రభుత్వము, అందునా తనపై యుద్ధము చేసినారన్న నేరమునకు జరిపిన కోర్టు మార్షల్‌లో కూడా నిందితులకు వకీలు దక్కినాడు. స్వతంత్ర దేశపు సిపాయి తన వకీలును అడుగుటకు జంకవలసిన పని ఏమున్నది?

ఒక ప్రశ్న విలువ

కోర్టు మార్షల్ కూర్చున్న వెంటనే సభ్యుల పేర్లు నిందితునికి చదివి వినిపించవలెను. వీరిలో ఎవరు నిన్ను విచారించుటకైనా నీకు ఆక్షేపణ ఉన్నదా అని అడుగవలెను. ఇది 130వ సెక్షను. చూచుటకు లాంఛనము వలె ఉంటుంది. ఆ లాంఛనము విలువ ఎంతో 1987లో తెలిసినది.

రంజిత్ ఠాకూర్ ఒక సిగ్నల్ దళములో సిగ్నల్‌మన్. తన పై అధికారి తనను బాధిస్తున్నాడని, క్రమము తప్పి నేరుగా ఇంకా పై అధికారులకు అర్జీ పెట్టుకొన్నాడు. అందుకు ఆ అధికారియే అతనికి 28 దినముల కఠిన ఖైదు విధించినాడు. ఆ శిక్ష అనుభవిస్తూ 1985 మే నెలలో క్వార్టర్ గార్డు కొట్టులో ఉండగా అతనిపై ఇంకొక నేరము మోపినారు. అది ఏమనగా, అన్నము తినుమని ఆజ్ఞాపిస్తే తినలేదట! మరునాడే సమరీ కోర్టు మార్షల్ కూర్చున్నది. ఎవరి మీద అర్జీ పెట్టినాడో ఆ అధికారి అందులో ఉన్నాడు. ఒక సంవత్సరము కఠిన ఖైదు వేసినారు. ఉద్యోగము పోయినది. అతనిని తేజ్‌పూర్ జైలుకు పంపినారు.

సుప్రీంకోర్టు ఈ శిక్షను కొట్టివేసినది. మొదటి కారణము 130వ సెక్షను అడుగుమన్న ప్రశ్న అడుగకపోవుట. రెండవ కారణము ఎవరి మీద ఫిర్యాదు ఉన్నదో అతడే తీర్పరిగా కూర్చుండుట. న్యాయమూర్తి తన మనసు నిష్పక్షపాతముగా ఉన్నదని అనుకొంటే చాలదు. ఎదుట నిలిచినవానికి భయపడుటకు సహేతుకమైన కారణము ఉన్నదా లేదా అన్నది చూడవలెనని కోర్టు చెప్పినది. మూడవ కారణము నేరమునకూ శిక్షకూ పొంతన లేకపోవుట. శిక్ష ఎంతన్నది కోర్టు మార్షల్ ఇష్టమే అయినను, అంతరాత్మ సహించలేనంత క్రూరముగా ఉండరాదన్నది. అతనిని జీతభత్యములతో సహా తిరిగి ఉద్యోగములోకి తీసుకొనుమని ఆజ్ఞాపించినది.

ఇప్పుడు ఈ రెండు కేసులను పక్కపక్కన పెట్టి చూడండి. షకూర్‌బస్తీ సిపాయి అడగవలసినది అడగలేదు. ఆ వాదము నిలువలేదు. సిగ్నల్‌మన్‌ను అడగవలసిన ప్రశ్న అధికారులు అడగలేదు. ఆ శిక్ష నిలువలేదు. నేరములు పోల్చదగినవి కావు. ఒకటి మూడు ప్రాణములు తీసిన నేరము, రెండవది ఒక పూట అన్నము మానుట. కాని ధర్మసూక్ష్మము ఒక్కటే. సైనికుని హక్కులు ఘనమైన ప్రకటనలలో కంటె ఇటువంటి చిన్న ప్రశ్నలలో బ్రతుకుతవి. అడుగుట, అడుగనిచ్చుట, అడిగినది కాగితము మీద పెట్టుట ఈ మూడింటిలోనే అతని రక్షణ ఉన్నది.

అప్పీలు

తీర్పు తప్పయితే ఎక్కడికి పోవలెను? చాలకాలము దీనికి సరియైన జవాబు లేదు. 164వ సెక్షను క్రింద పై సైనికాధికారులకు, కేంద్ర ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనవచ్చును. అది అర్జీయే గాని అప్పీలు కాదు. సుప్రీంకోర్టు ప్రత్యేకానుమతితో వినే అప్పీళ్ల నుండి సైనిక న్యాయస్థానములను 136వ అధికరణము మినహాయించినది. హైకోర్టులో రిట్ వేయవచ్చును. కాని రిట్‌లో సాక్ష్యమును మొదటి నుండి మరల తూచుట సాధారణముగా జరుగదు. సాక్ష్యమును, శిక్షను పరిశీలించగల ఒక్క అప్పీలైనా లేకపోవుట కొట్టవచ్చినట్లు కనబడే లోపమని పృథీపాల్ సింగ్ బేడీ కేసులోనే సుప్రీంకోర్టు ఎత్తిచూపినది. న్యాయ కమీషను 1999లో తన 169వ నివేదికలో అప్పీలు ట్రిబ్యునలు కావలెనని చెప్పినది. చివరకు 2007లో సాయుధ దళముల ట్రిబ్యునల్ చట్టము వచ్చినది. 2009లో ట్రిబ్యునలు పని మొదలుపెట్టినది. సుప్రీంకోర్టు లోపము ఎత్తిచూపిన నాటి నుండి ఇరువది యేడు సంవత్సరములు పట్టినది. ఆ నడుమ పదవీ విరమణ చేసిన వారెందరో, ఆశ వదులుకొన్న వారెందరో!

ట్రిబ్యునలులో హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన వారొకరు, సైన్యములో ఉన్నతాధికారిగా పనిచేసిన వారొకరు కూర్చుంటారు. న్యాయము తెలిసిన వాడు, బ్యారక్ తెలిసిన వాడు కలిసి విచారించవలెనన్నది ఉద్దేశము. ప్రధాన ధర్మాసనము ఢిల్లీలో ఉన్నది. మన తెలుగు నేలకు చెన్నై ధర్మాసనము. సమరీ కోర్టు మార్షల్ వేసిన శిక్ష ఉద్యోగము నుండి తొలగింపు గాని, మూడు నెలలకు మించిన ఖైదు గాని అయితే ఇక్కడికి రావచ్చును. ట్రిబ్యునలు తీర్పు మీద హైకోర్టుకు పోవచ్చునా అన్న సందేహము కొంతకాలము బాధించినది. 2015లో సుప్రీంకోర్టు ఆ దారిని ఇరుకు చేసినది. 2023 మార్చిలో పురుషోత్తమ దాస్ కేసులో 226వ అధికరణము క్రింద హైకోర్టుకు ఉన్న అధికారమును ట్రిబ్యునల్ చట్టము తీసివేయలేదని తేల్చి ఆ దారిని మరల తెరచినది. ఢిల్లీకి పోలేని సిపాయికి ఇది గొప్ప ఊరట.

ముగింపు

మన విద్యార్థులలో ఎన్.సి.సి. బట్టలు వేసుకొనే వారున్నారు. సైన్యపు భర్తీకి తెల్లవారుజామున మైదానములో పరుగెత్తే వారున్నారు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకము క్రింద నాలుగు సంవత్సరములకు చేరే అగ్నివీరునికి కూడా ఇదే సైనిక చట్టము వర్తిస్తుంది. పరుగు ఎన్ని నిమిషములలో ముగించవలెనో, ఛాతి ఎన్ని అంగుళములు ఉండవలెనో వారికి కంఠస్థము. ఏ చట్టము క్రిందికి పోతున్నారో మాత్రము సంతకము పెట్టే నాటికి వారికి తెలియదు. కళాశాల కమిటీ పెద్దలకు మాదొక చిన్న మనవి. సైనిక చట్టము, నియమావళి ప్రతులు మన గ్రంథాలయములో ఉంచవలెను. సంవత్సరమునకు ఒక్క పూట అయినా చట్టము తెలిసిన విశ్రాంత సైనికాధికారినో న్యాయవాదినో పిలిపించి ఎన్.సి.సి. విద్యార్థులకు ఈ సంగతులు చెప్పించవలెను. దానికి అయ్యే ఖర్చు స్వల్పము.

హక్కులు తెలిసిన సిపాయి ఆజ్ఞ పాటించడని కొందరు భయపడతారు. మాకు అట్లు తోచదు. తనకు అన్యాయము జరిగితే వినేవారున్నారని నమ్మిన వాడు నిశ్చింతగా ఆజ్ఞ పాటిస్తాడు. వినేవారు లేరనుకొన్నవాడు లోలోపల కుములుతాడు. ఆ కుములుట ఒకనాడు గోడ లోపల ఏ రూపము దాల్చునో ఎవరూ చెప్పలేరు. నేరములను ఆపుటకు కాపలా ఎంత అవసరమో ఇన్సాఫ్ దొరుకునన్న నమ్మకము కూడా అంతే అవసరము.

తెలిసినదంతా ఒక కాగితము మీద వ్రాసి మా విద్యార్థికి పంపినాము. ఆ తోటి సిపాయి కథ ఎట్లు ముగిసినదో మాకు కబురు రాలేదు. కొన్ని నెలలకు మా విద్యార్థి నుండి ఒక చిన్న ఉత్తరము మాత్రము వచ్చినది. "సార్, వాడు అడిగినాడు. అడిగినది వ్రాసుకొన్నారు" అని అందులో ఉన్నది. ఆ రెండు ముక్కలే మాకు చాలినవి.